ఒక ఇంగ్లిష్ పల్లెను, దాని చర్చిని చదవడం ఎలా: ఈమ్ ఊళ్లో నేను నేర్చుకున్న పద్ధతి

షెఫీల్డ్ నుంచి నైరుతిగా బయలుదేరితే గంటలోపే ఈమ్ చేరుకోవచ్చు. డెర్బీషైర్ కొండల్లో సుమారు వెయ్యి మంది ఉండే పల్లె అది. ఇంగ్లిష్‌లో రాసిన పేరు చూసి చాలామంది ‘ఇయామ్’ అని చదువుతారు. ఊరివాళ్లు పలికేది ‘ఈమ్’ అని. 1665–66లో ప్లేగు సోకినప్పుడు ఆ ఊరు తన పొలిమేరను తానే మూసుకుంది. ఆ కథ వల్లే సెలవు రోజుల్లో మన తెలుగు కుటుంబాలు కూడా అక్కడ కనిపిస్తాయి. ప్లేగు ఇళ్ల ముందున్న ఆకుపచ్చ పలకలు చదివి, ఫోటోలు తీసుకుని, తెచ్చుకున్న పులిహోర తిని, గంటలో వెళ్లిపోతారు. మొదటిసారి నేనూ అలాగే వెళ్లిపోయాను. ఆ తర్వాత ఈ పదకొండేళ్లలో ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు.

మా తాతయ్య బాపట్ల వైపు ఒక ఊరికి కరణం. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యే వరకు ఊరి లెక్కలన్నీ మా ఇంటి పెట్టెలోనే ఉండేవి. ఊళ్లో ఎవరైనా భూమి గురించో వంశం గురించో పెద్ద కథ ఎత్తుకుంటే ఆయన ఓపికగా వినేవాడు. వాళ్లు వెళ్లాక నాతో, “అమ్మాయీ, ముందు లెక్క చూడాలి. ఆ తర్వాత కథ వినాలి. అప్పుడు కథ ఇంకా బాగుంటుంది” అనేవాడు. ఇంగ్లండ్‌లో ఏ పల్లె చరిత్ర తెలుసుకోవాలన్నా ఇదే పద్ధతి పనికొస్తుందని ఈమ్‌లో నాకు అర్థమైంది. ఇక్కడ చెప్పేవన్నీ ఆ ఊరి ఉదాహరణలే. మీరు ఉంటున్న చోటికి దగ్గరలో ఏ పల్లె ఉన్నా ఇదే క్రమంలో చదవవచ్చు. ఒక పగలంతా ఊళ్లో గడపాలి, కొన్ని సాయంత్రాలు ఇంట్లో కూర్చోవాలి. అంతకు మించి ఖర్చేమీ లేదు.

బయలుదేరే ముందు ఊరి పేరు, పటం

ఊరి పేరే మనకు దొరికే మొదటి శాసనం. పేరు చివర ‘బీ’ అని ఉంటే అక్కడ తొమ్మిదో శతాబ్ది తర్వాత డేన్లు (డెన్మార్క్ వైపు నుంచి వచ్చినవాళ్లు) స్థిరపడ్డారని అర్థం. ‘థోర్ప్’ కూడా వాళ్ల మాటే, పెద్ద ఊరికి అనుబంధంగా పుట్టిన చిన్న పల్లె. ‘టన్’, ‘హామ్’ అంతకు ముందే వచ్చిన ఆంగ్లో-శాక్సన్ల మాటలు. ‘లీ’ అంటే అడవిలో నరికి చదును చేసిన చోటు. లెస్టర్‌షైర్‌లో ఫ్రిస్బీ అని ఒక ఊరుంది, ఫ్రీసియన్ల ఊరు అని దాని అర్థం. మచిలీపట్నంలో నోబుల్ కళాశాలను స్థాపించిన రాబర్ట్ నోబుల్ 1809లో పుట్టింది ఫ్రిస్బీలోనే, అక్కడి వికార్ (చర్చి గురువు) కొడుకుగా. కృష్ణా జిల్లా వాళ్లెవరికైనా ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ఆ ఊరితోనే మొదలుపెట్టండి.

ఈమ్ పేరుకు పాత ఇంగ్లిష్‌లో ‘దీవుల దగ్గర’ అని అర్థం చెబుతారు. కొండ మీది ఊరికి దీవులేమిటని నాకూ అనిపించింది. వాగుల మధ్య ఎత్తుగా ఉన్న నేలను కూడా ఆ కాలంలో అదే మాటతో పిలిచేవారు. 1086 నాటి డూమ్స్‌డే గ్రంథంలో ఈ ఊరు ‘ఐయూనె’ అన్న రూపంలో ఉంది. విలియం రాజు దేశమంతా మనుషులను పంపి ఏ ఊళ్లో ఎన్ని నాగళ్లు, ఎందరు రైతులు, ఎంత అడవి అని రాయించిన భూమి లెక్క అది. ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. మీ ఊరు అందులో ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోయినా నిరాశ వద్దు. అప్పటికి పక్క ఊరి లెక్కలో కలిసి ఉండవచ్చు.

తర్వాత పటం చూడాలి. పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) పటాలను స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం తన వెబ్‌సైటులో ఉంచింది, ఇంగ్లండ్‌వి కూడా అందులో ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్ది పటాన్ని నేటి పటం మీద పరిచి చూసే వీలుంది. ఆ పటంలో ముఖ్యంగా చూడవలసింది పారిష్ సరిహద్దు. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ప్రాంతం. మన రెవెన్యూ గ్రామం లాంటిదే, ప్రధాన గ్రామంతో పాటు శివారు పల్లెలు కూడా అందులో ఉంటాయి. పాత ఈమ్ పారిష్‌లో ఫూలో, ఈమ్ వుడ్‌లాండ్స్ కూడా ఉండేవి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, చనిపోయినవారి లెక్క దగ్గర ఇదే పెద్ద విషయమవుతుంది.

లోపలికి వెళ్లే ముందు చుట్టూ తిరగండి

చర్చి చేరగానే తలుపు తోయకండి. ముందు ఒక ప్రదక్షిణ చేయండి. బలిపీఠం తూర్పున, గంటల గోపురం చాలావరకు పడమరన, వాకిలి ఎక్కువగా దక్షిణాన ఉంటాయి. దిక్కులు తెలిస్తే సగం కట్టడం అర్థమైనట్టే. ఉత్తరం వైపు నీడ ఉంటుంది కాబట్టి పూర్వం అక్కడ సమాధులు తక్కువ.

ఈమ్‌లో సెయింట్ లారెన్స్ చర్చి ఆవరణలో మొదట చూడవలసింది రాతి శిలువ. ఎనిమిదో శతాబ్దిది. అంటే మన వేంగిలో తూర్పు చాళుక్యులు పాలిస్తున్న నాటిది. దాని మీద దేవదూతలు, తల్లీబిడ్డల రూపం, మెలికలు తిరిగిన తీగలు ఉన్నాయి. ఆ తీగలను చూస్తే మన గుడి ద్వారబంధాల మీది లతలు గుర్తుకొస్తాయి. శిలువ కాస్త పొట్టిగా, తల బరువుగా అనిపిస్తుంది, ఎందుకంటే కాండంలో పైభాగం పోయింది. అది మొదటి నుంచీ ఇక్కడే నిలబడి లేదు, చాలాసార్లు చోటు మార్చారు. ఇది గుర్తుంచుకోవలసిన పాఠం. ఒక రాయి ఇప్పుడు ఉన్నచోటే ఎప్పుడూ ఉందని అనుకోకండి. చర్చి కంటే శిలువ పాతది అంటే, గోడలు లేవకముందే ఆ ఊళ్లో ఆరాధన ఉందన్నమాట.

దక్షిణపు గోడ మీద 1775 నాటి పెద్ద నీడగడియారం ఉంది. ఊరి వేళతో పాటు దూరదేశాల నగరాల మధ్యాహ్నాలను కూడా అది లెక్కగడుతుంది. సీసపు గనుల మీద బతికిన కొండపల్లెలో ఆ రాతిపలక ముందు నిలబడి ప్రపంచాన్ని ఊహించుకున్న మనుషులను తలుచుకుంటే నాకు ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

సమాధి రాళ్లు చదవడంలో కొన్ని నియమాలు ఉన్నాయి. నాచును గీకకూడదు, బ్రష్షుతో రుద్దకూడదు, సుద్ద పూయకూడదు. రాతి పొర ఊడిపోతే ఆ పేరు ఇక ఎవరికీ దొరకదు. అక్షరాలు అరిగిపోయి ఉంటే టార్చిలైటును పక్క నుంచి, రాతికి ఆనించినట్టుగా పట్టండి. నీడ పడి అక్షరం లేచి కనిపిస్తుంది. ఉదయమో సాయంత్రమో ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు వెళ్తే టార్చి కూడా అక్కరలేదు. పేరు, సంవత్సరం మాత్రమే కాక రాసినదంతా వరుస తప్పకుండా రాసుకోండి. ‘ఫలానా ఊరివాడు’, ‘ఫలానా ఆమె రెండో భర్త’ లాంటి మాటలే తర్వాత దారి చూపిస్తాయి. పదిహేడో శతాబ్దికి ముందటి రాళ్లు ఆరుబయట అరుదు. ఆ తర్వాత కూడా పేదలకు రాయి లేదు. కాబట్టి సమాధుల తోట ఊరంతటి జాబితా కాదు, రాయి కొనగలిగినవారి జాబితా.

ఈమ్‌లో ప్లేగు కాలపు రాయిగా అందరూ చూసేది శిలువకు దగ్గరలో ఉన్న క్యాథరిన్ మోంపెసన్ సమాధిని. ఆమె రెక్టర్ (పారిష్ చర్చికి బాధ్యుడైన గురువు) భార్య, 1666 ఆగస్టు 25న మరణించింది. ఊరివాళ్లు వందల్లో చనిపోతే వాళ్ల రాళ్లు ఇక్కడ ఎందుకు లేవన్న ప్రశ్న మీకు అక్కడే పుట్టాలి. జవాబు తర్వాత చెబుతాను. వెళ్లే ముందు క్రికెట్ సమాధి కూడా చూడండి. డెర్బీషైర్ తరఫున ఆడి, తర్వాత అంపైరుగా పనిచేసిన హ్యారీ బ్యాగ్‌షా 1927లో మరణించాడు. ఆయన రాతి మీద బంతి తగిలి చెదిరిన వికెట్లు, పైన ఔట్ అని చూపే అంపైరు వేలు చెక్కారు. మా అబ్బాయిని పాత సమాధుల మధ్య రెండు గంటలు ఉంచగలిగింది ఆ రాయే.

లోపల ఏం చూడాలి

మన గుడిలో ముఖమండపం, గర్భగుడి ఎలా వేరో ఇక్కడ నేవ్, చాన్సెల్ అలా వేరు. ప్రజలు కూర్చునే పొడవైన భాగం నేవ్. తూర్పున బలిపీఠం ఉన్నది చాన్సెల్. పూర్వం నేవ్ మరమ్మతు ఊరివాళ్ల బాధ్యత, చాన్సెల్ మరమ్మతు రెక్టర్ బాధ్యత. అందుకే కొన్ని చర్చిల్లో ఒక సగం ఘనంగా, ఇంకో సగం బీదగా కనిపిస్తుంది. ఎవరి దగ్గర ఎప్పుడు డబ్బు ఉందో గోడలే చెబుతాయి.

కాలం పోల్చుకోవడానికి తోరణాలను చూడండి. అర్ధచంద్రంలా గుండ్రంగా, మందంగా ఉంటే నార్మన్ల (1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచినవాళ్ల) కాలం, దాదాపు 1190 వరకు. పైన మొన తేలి, కిటికీలు సన్నగా ఈటెల్లా ఉంటే పదమూడో శతాబ్ది. కిటికీ పైభాగంలో రాయి పూలలా, అలల్లా అల్లుకుంటే పద్నాలుగో శతాబ్ది తొలి సగం. ఆ తర్వాత నిలువు గీతలు ఎక్కువై, కిటికీలు విశాలమై, తోరణం బల్లపరుపుగా వంగుతుంది. ఇదే సుమారు 1530ల వరకు సాగింది. ఒకే చర్చిలో ఇవన్నీ కలిసే ఉంటాయి. ఈమ్ చర్చి చాలావరకు పద్నాలుగో శతాబ్దిదని చెబుతారు. కానీ ఉత్తరపు నడవ పడమటి చివర నార్మన్ కిటికీ ఉంది, అదే కాలపు స్తంభాలున్నాయి, బాప్తిస్మపు తొట్టి శాక్సన్లది. పంతొమ్మిదో శతాబ్దిలో బాగా మరమ్మతులు జరిగాయి. మరీ నున్నగా, అంచులు పదునుగా ఉన్న రాయి కనిపిస్తే ఆ శతాబ్ది పనేమోనని ముందు అనుమానించండి.

నేవ్ గోడల పైభాగంలో ఇజ్రాయెల్ పన్నెండు గోత్రాల గుర్తులు రంగుల్లో ఉన్నాయి. పదహారో శతాబ్ది చివరివి. చాలాకాలం సున్నం కింద ఉండిపోయి, 1960ల్లో బయటపడ్డాయి. ఇంగ్లండ్‌లో మత సంస్కరణ తర్వాత పాత బొమ్మల మీద సున్నం పూసిన చర్చిలు వేలల్లో ఉన్నాయి. గోడ మీద ఎక్కడైనా ఎర్రమట్టి రంగు మరక కనిపిస్తే తల పైకెత్తి నిదానంగా చూడండి.

అన్నిటికంటే నేను ఎక్కువసేపు నిలబడేది రెక్టర్ల పేర్ల పట్టిక ముందు. దాదాపు ప్రతి చర్చిలోనూ చెక్క మీద ఇలాంటి పట్టిక ఉంటుంది, సందర్శకులు దాటి వెళ్లిపోతారు. దాన్ని దేశ చరిత్ర తేదీల పక్కన పెట్టి చదవాలి. ఈమ్‌లో అంతర్యుద్ధ కాలంలో షెర్లాండ్ ఆడమ్స్ రెక్టరు. ఆయన రాజు పక్షం వాడు. సీసపు ఖనిజం మీద చర్చికి వచ్చే దశమ భాగాన్ని పార్లమెంటుకు వ్యతిరేకంగా రాజుకు ఇచ్చాడన్న అభియోగం మీద పదవి పోగొట్టుకుని జైలుకు వెళ్లాడు. ఆయన చోటికి ప్యూరిటన్ (చర్చి ఆచారాలు ఇంకా నిరాడంబరం కావాలనే పక్షం) అయిన థామస్ స్టాన్లీ వచ్చాడు. 1660లో రాచరికం తిరిగి వచ్చింది. 1662 చట్టం ప్రకారం కొత్త ప్రార్థన గ్రంథాన్ని ఒప్పుకోని గురువులందరూ బయటికి వెళ్లవలసి వచ్చింది, వాళ్లలో స్టాన్లీ ఒకడు. 1664లో విలియం మోంపెసన్ అనే యువకుడు రెక్టరుగా వచ్చాడు. ఆ మరుసటి ఏడాదే ప్లేగు. ఊరివాళ్ల మనసు ఇంకా పాత గురువు వైపే ఉంది. కొత్తవాడి మాట నడవాలంటే పాతవాడి చేయి పట్టుకోక తప్పదు. ఒకరినొకరు తప్పుదారి పట్టినవారిగా చూసే రెండు పక్షాల మనుషులు 1666 జూన్‌లో ఒకటై ఊరిని నడిపించారు. పట్టికలో ఉన్నవి పేర్లు, సంవత్సరాలే. ఆ సంవత్సరాల మధ్య దూరం లెక్కపెట్టినప్పుడే ఈ సంగతంతా బయటపడుతుంది.

చర్చిలో పూలు సర్దుతూనో, పుస్తకాలు సర్దుతూనో ఎవరో ఒకరు ఉంటారు. పలకరించండి. “ఈ చర్చి ఎంత పాతది” అని అడిగితే ఒక్క మాటలో జవాబు వస్తుంది. “మీ చర్చిలో మీకు బాగా ఇష్టమైన మూల ఏది” అని అడిగి చూడండి. నాకు అలా అడిగిన ప్రతిచోటా తాళం వేసిన తలుపు ఒకటి తెరుచుకుంది. ఆరాధన జరుగుతుంటే మాత్రం వెనక కూర్చోండి, కెమెరా తీయకండి. విరాళాల పెట్టెలో తోచినంత వేసి రండి. ఆ కప్పు నిలబడేది చాలావరకు ఆ పెట్టె మీదే.

రిజిస్టరు: అసలు పని ఇక్కడ మొదలవుతుంది

1538లో థామస్ క్రామ్వెల్ ఆజ్ఞతో ప్రతి పారిష్‌లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాయడం మొదలైంది. 1598లో వాటిని తోలుకాగితం మీద రాయాలని, ఏటా ఒక నకలు బిషప్పుకు పంపాలని నిర్ణయించారు. కాబట్టి చాలా ఊళ్లకు రెండు ప్రతులు ఉంటాయి, ఒకదాంట్లో పోయిన పేరు ఇంకోదాంట్లో దొరకవచ్చు. ఈమ్ రిజిస్టర్ల కోసం మాట్లాక్‌లోని డెర్బీషైర్ రికార్డు ఆఫీసును అడగాలి. బిషప్పు నకళ్లకు మాత్రం ఆ కాలంలో ఊరు ఏ డయాసిస్ (బిషప్పు పరిధి) కింద ఉందో చూడాలి. డెర్బీషైర్ 1884 వరకు లిచ్‌ఫీల్డ్ కింద ఉండేది.

రికార్డు ఆఫీసుకు వెళ్లే ముందు మీకు కావలసిన పారిష్ పేరు, సంవత్సరాలు చెప్పి అడగండి. పెన్ను తీసుకెళ్లకండి, పెన్సిల్ ఒక్కటే అనుమతిస్తారు. అసలు పుస్తకం బదులు చిత్రాలే చూపిస్తారు, అవి చాలు. మొదటి రోజు చేతిరాత అసలు అర్థం కాదు. పదహారు, పదిహేడో శతాబ్దుల రాతలో ‘ఎస్’ పొడవుగా ‘ఎఫ్’లా ఉంటుంది, ‘ఈ’ తిరగేసినట్టు ఉంటుంది. దానికి నా ఉపాయం ఒకటే. నెలల పేర్లు ఎలాగూ తెలిసినవే కాబట్టి, ముందు వాటిని మాత్రమే వెతికి ఒక్కో అక్షరం ఎలా ఉందో కాగితం మీద వేసుకుంటాను. పన్నెండు నెలలూ దొరికేసరికి అక్షరమాల దాదాపు పూర్తవుతుంది. గొలుసుకట్టు రాతలో ఉన్న తెలుగు దస్తావేజులు చదవడానికి తాతయ్య నాకు నేర్పిన పద్ధతే ఇది.

ఇక తేదీల గురించి గట్టిగా చెప్పాలి. 1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అంటే మనం 1666 జనవరి అనేదాన్ని వాళ్లు 1665 జనవరి అని రాసేవారు. ఇది తెలియక నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. ప్లేగుకు మొదట బలైనవాడు దర్జీ సహాయకుడు జార్జ్ వికార్స్, 1665 సెప్టెంబరు 7న అతన్ని పూడ్చారు. నా నోటు పుస్తకంలో మాత్రం అంతకు ముందే, 1665 జనవరి, ఫిబ్రవరిలో వరుసగా చావులు కనిపించాయి. ప్లేగు ముందే వచ్చిందేమోనని కంగారుపడ్డాను. అవి నిజానికి తర్వాతి చలికాలపు చావులు. అప్పటి నుంచి జనవరి 1 నుంచి మార్చి 24 వరకు ఉన్న ప్రతి తేదీకి రెండు సంవత్సరాలూ రాసుకుంటున్నాను, 1665/66 అని.

ఇంకో రెండు జాగ్రత్తలు. రిజిస్టరు రాసేది బాప్తిస్మాన్నే తప్ప పుట్టుకను కాదు, ఖననాన్నే తప్ప మరణాన్ని కాదు. చావుకు కారణం సాధారణంగా ఉండదు. అప్పటి ఈమ్ చావుల్లో ఏది ప్లేగు, ఏది కాదు అని మనం తీర్చుకోవలసిందే.

ఇప్పుడు కరణం పని చేయండి. పేర్లను తేదీల వరుసలో కాకుండా ఇంటింటి వారీగా తిరిగి రాయండి. ఒక పేజీకి ఒక కుటుంబం. తేదీల వరుసలో చూస్తే థోర్ప్ అనే పేరు అక్కడక్కడా తగులుతుంది, అంతే. ఒక పేజీ మీదికి తెస్తే తొమ్మిది మంది. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, గోడకు పలక ఉంది. తర్వాత నెలవారీ లెక్క వేయండి. 1665 శరత్తులో పెరిగి, చలికాలంలో తగ్గి, వసంతంలో ఊరు ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించి, జూన్ నుంచి ఒక్కసారిగా ఎగసింది. 1666 ఆగస్టు ఒక్క నెలలోనే డెబ్బైకి పైగా చావులు. నవంబరు 1తో ఆగింది. మొత్తం సుమారు 260 మంది. కొందరు 273 అంటారు.

సమాధులు ఏమయ్యాయన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 1666 జూన్‌లో మోంపెసన్, స్టాన్లీ ఊరివాళ్ల ముందు మూడు మాటలు పెట్టారు. చచ్చినవాళ్లను చర్చి ఆవరణకు తేకుండా ఎవరి పెరట్లో, ఎవరి పొలంలో వాళ్లే వీలైనంత త్వరగా పూడ్చుకోవాలి. చర్చి తలుపు మూసి కక్లెట్ డెల్ఫ్ అనే లోయలో ఆరుబయట, ఇంటివాళ్లు ఇంటివాళ్లుగా దూరంగా నిలబడి ప్రార్థించాలి. ఊరి పొలిమేర ఎవరూ దాటకూడదు. అంటే జూన్ తర్వాత రెక్టరు చేతుల మీదుగా జరిగిన అంత్యక్రియలు దాదాపు లేవు. అయినా పేర్లున్నాయి. పొలంలో గొయ్యి తవ్వి మనిషిని పూడ్చినవాళ్లు ఆ పేరును చర్చి పుస్తకానికి చేర్చారు, ఎవరో దాన్ని రాశారు. ఆ నెలల పేజీలను తిప్పుతున్నప్పుడు నేను చాలాసేపు ఏమీ రాసుకోలేకపోయాను.

కథను తూచడం

లెక్క చేతికి వచ్చాక కథ వినండి. ప్రతి సంగతి పక్కన అది మొదట ఎప్పుడు రాతలోకి వచ్చిందో వేసుకోండి. ఈమ్‌కు సంబంధించి నా పుస్తకంలో మూడు వరుసలున్నాయి. మొదటిది, ఆ రోజుల్లోనే రాసినవి. రిజిస్టరు, 1666లో మోంపెసన్ రాసిన ఉత్తరాలు. రెండోది, చూసినవారి పిల్లలు చెప్పగా రాసినవి. లండన్ వైద్యుడు రిచర్డ్ మీడ్ 1722లో ఈమ్ సంగతి ప్రచురించాడు. మూడోది, తరాల తర్వాత వచ్చినవి. 1742లో ఈ ఊరి రెక్టరు ఇంట్లోనే పుట్టిన కవయిత్రి ఆనా సీవార్డ్ రాతలు, ఊరివాడైన విలియం వుడ్ 1842లో వెలువరించిన స్థానిక చరిత్ర ఈ వరుసలోకి వస్తాయి.

అందరికీ ఇష్టమైన ఎమ్మట్ సిడల్, రోలాండ్ టోర్ ప్రేమకథనే తీసుకోండి. ఆమెది ఈమ్, అతనిది పక్కనున్న స్టోనీ మిడిల్టన్. దూరం నుంచి ఒకరినొకరు చూసుకునేవారని, ఒకరోజు ఆమె రాలేదని చెబుతారు. సిడల్ ఇంట్లో చావులు జరిగాయని రిజిస్టరు చెబుతుంది. ప్రేమను చెప్పేది మూడో వరుస. నేను ఆ కథను కొట్టివేయను. ఊరు తన దుఃఖాన్ని దాచుకున్న పాత్ర అది. కానీ దాని వరుసలో దాన్ని ఉంచుతాను.

జనాభా లెక్క కూడా అంతే. 350 మందిలో 83 మందే మిగిలారని చాలాచోట్ల చదువుతారు. తర్వాత పరిశోధించినవారు పారిష్ మొత్తం మీద అంతకు రెండింతల మంది ఉండేవారని, 430 మంది దాకా బతికారని లెక్క కట్టారు. 1662లో మొదలైన పొయ్యి పన్ను జాబితాల వంటివి ఇలాంటి పనికి ఆధారం, ఏ ఇంట్లో ఎన్ని పొయ్యిలని అందులో ఉంటుంది. పారిష్ సరిహద్దు చూసుకోమని మొదట్లో చెప్పింది ఇందుకే. శివారు పల్లెలు కలిపారా లేదా అన్నదాన్ని బట్టి ‘ఊరు తుడిచిపెట్టుకుపోయింది’ అన్న మాట నిలవడమో పడిపోవడమో జరుగుతుంది. సగానికి పైగా బతికారని తెలిస్తే ఆ త్యాగం చిన్నదైపోతుందని కొందరు బాధపడతారు. నాకు అలా అనిపించదు. పేజీకో కుటుంబం రాసి చూసినవారెవరికీ అనిపించదు.

ఊరి బయట నడక

మధ్యాహ్నం ఊరి బయటికి వెళ్లాలి. నేలను చూడనిదే ఈ ఊరు ఎలా బతికిందో తెలియదు. చుట్టూ పొలాల్లో గుంటలు, గడ్డి మొలిచిన దిబ్బలు కనిపిస్తాయి. అవి సీసపు గనుల గుర్తులు. పాత గని నోళ్లు ప్రమాదం, కంచె దాటకండి. ఈ సీసం మీదే రెక్టరుకు రాబడి వచ్చేది, ఒక ‘డిష్’ (అంటే ఒక కొలపాత్ర) ఖనిజానికి ఒక పెన్నీ చొప్పున. పద్దెనిమిదో శతాబ్దిలో మంచి పొర దొరకడంతో ఈ చిన్న ఊరి రెక్టరు పదవి బాగా విలువైనదైంది.

స్టోనీ మిడిల్టన్ వైపు కాలిబాటలో సరిహద్దు రాయి ఉంది. దాని మీది గుంతల్లో, రోగం అంటకుండా వెనిగర్ పోసి, నాణేలు వేసి ఉంచితే పొరుగు ఊళ్లవాళ్లు ఆహారం పెట్టి డబ్బు తీసుకెళ్లేవారు. ఉత్తరాన కొండ మీద మోంపెసన్ బావి దగ్గర కూడా ఇలాగే జరిగేది. చాట్స్‌వర్త్‌లో ఉండే డెవన్‌షైర్ ప్రభువు సరుకులు పంపాడు. రాతి గుంతలో వేలు పెట్టి చూడండి, అంచు నున్నగా తగులుతుంది.

ఆగస్టు చివరి ఆదివారం వెళ్లగలిగితే కక్లెట్ డెల్ఫ్‌లో జరిగే ప్లేగు ఆదివారం ఆరాధన చూడవచ్చు. 1866లో, రెండు వందల ఏళ్లు నిండిన సందర్భంగా మొదలైంది. ఆ రోజు క్యాథరిన్ సమాధి మీద పూలచక్రం ఉంచుతారు. పాత మెథడిస్టు ప్రార్థనా మందిరంలో ఉన్న ఊరి మ్యూజియాన్ని నడక ముందు కాకుండా తర్వాత చూడండి. అప్పటికి అక్కడి ప్రతి పేరూ మీకు తెలిసిన మనిషిదే అయి ఉంటుంది.

మీ సొంత ఊరికి ఇదే పని చేస్తుంటే, 1841 నుంచి పదేళ్లకోసారి ఇంటింటి పేర్లతో జనాభా లెక్కలు దొరుకుతాయి. 1921వి 2022లో బయటికొచ్చాయి. 1836 చట్టం తర్వాత వేసిన దశమ భాగపు పటాలు ఏ పొలం ఎవరిదో, దాని పేరేమిటో చెబుతాయి. 1914–18 యుద్ధ స్మారకం మీది పేర్లను చర్చిలోని పాత సమాధుల పేర్లతో పోల్చండి. రెండు చోట్లా ఒకే ఇంటిపేరు కనిపిస్తే, అక్కడి నుంచి ఇంకో సాయంత్రం పని మొదలవుతుంది.

ఈమ్‌లో చివరగా రైలీ సమాధులకు వెళ్లండి. ఊరి తూర్పున అరమైలు, కొంచెం ఎత్తు. పొలం మధ్యలో గుండ్రటి రాతి గోడ, లోపల హాంకాక్ కుటుంబపు రాళ్లు. 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో ఎలిజబెత్ హాంకాక్ తన భర్తను, ఆరుగురు పిల్లలను తానే ఇక్కడికి తెచ్చి పూడ్చింది. సాయంత్రపు ఎండ ఆ రాళ్ల మీద పక్కగా పడుతుంది కాబట్టి టార్చి అవసరం ఉండదు. మీ పుస్తకంలో హాంకాక్ పేజీ తెరిచి, ఒక్కో పేరును ఒక్కో రాతితో సరిచూసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు గేటు గట్టిగా వేయండి, ఆ చుట్టూ గొర్రెలు మేస్తుంటాయి.